0.79 గిగాహెర్ట్జ్ దగ్గర బిగుసుకుపోయే గేమింగ్ ల్యాప్‌టాప్: బోర్డు మార్చే ముందు ఇవి చూడు

తమ్మీ, మదర్‌బోర్డు మార్చడానికి షాపాయన అడిగిన ఆ పద్దెనిమిది వేలు ముందు జేబులోనే పెట్టుకో. బోర్డు పోయిందని చెప్పినాయన కింది మూత కూడా విప్పలేదని నువ్వే రాశావు కాబట్టి ఆ మాట పక్కన పెడదాం.

నువ్వు రాసింది నాకు అర్థమైనంత వరకు మళ్లీ చెప్తా, తప్పుంటే సరిచెయ్యి. నాలుగేళ్ల కింద కొన్న ల్యాప్‌టాప్, ఐ7-10750హెచ్ ప్రాసెసర్, జీటీఎక్స్ 1650 టీఐ గ్రాఫిక్స్ కార్డు. జడ్చర్లలో పైన రేకుల గది, కిటికీలో కూలర్. గేమ్ మొదలైనప్పుడు సెకనుకి 90 ఫ్రేములు వస్తాయి, పావుగంట దాటగానే 50కి పడతాయి, అప్పుడు టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ స్పీడు 2.6, 2.8 గిగాహెర్ట్జ్ మధ్య ఊగుతుంటుంది. ఇది ఒకటి. రెండోది, అప్పుడప్పుడు ఉన్నట్టుండి 0.79కి పడిపోయి అక్కడే కూర్చుంటుంది, గేమ్ మూసేసినా లేవదు, ల్యాప్‌టాప్ చల్లబడ్డా లేవదు, మౌస్ బాణం కూడా ఈడ్చుకుంటూ కదులుతుంది, రీస్టార్ట్ చేస్తే ఒకసారి బాగైతది, ఒకసారి కాదు. పోయిన నెల ప్రాసెసర్‌కీ దాని వేడి లాగే హీట్‌సింక్‌కీ మధ్య పూసే థర్మల్ పేస్టు మార్పించావు, పైసా తేడా రాలేదు.

నువ్వు ఈ రెండింటినీ ఒకే రోగం అనుకుంటున్నావు. షాపాయన కూడా అట్లే అనుకున్నట్టుంది, అందుకే అన్నింటికీ కలిపి బోర్డు అన్నాడు. ఇవి రెండు వేరు వేరు సంగతులు. మొదటిది వేడి గొడవ, అది మెల్లగా మొదలై ఊగుతూ పడుతుంది. రెండోదానికి వేడితో దాదాపు సంబంధం లేదు. వేడి వల్ల స్పీడు తగ్గిన ప్రాసెసర్ చల్లబడగానే దానంతటదే లేస్తుంది. 60 డిగ్రీల దగ్గర కూడా 0.79లోనే ఉందంటే బయట నుంచి ఎవరో బ్రేకు మీద కాలు పెట్టి తీయడం లేదన్నమాట.

ఆ 0.79 అంకె ఊరికే వచ్చింది కాదు. ఇంటెల్ చిప్పుల్లో మూల గడియారం 100 మెగాహెర్ట్జ్, దాన్ని ఎన్ని రెట్లు చేస్తే అంత స్పీడు. ఈ తరం చిప్పు దిగగలిగే అడుగు మెట్టు 8 రెట్లు. 8 వందలకు ఒకటి రెండు తక్కువగా 798 చూపిస్తుంది, టాస్క్ మేనేజర్ దాన్ని 0.79 అనో 0.80 అనో రాస్తుంది. కాబట్టి ఎవరైనా "0.79 దగ్గర ఆగిపోయింది" అంటే నాకు ముందు గుర్తొచ్చేది పేస్టు కాదు, ఫ్యాను కాదు, చార్జర్.

ఇది నాకు పుస్తకంలో తెలిసింది కాదు, ఒకాయన దగ్గర తిట్లు తిని నేర్చుకున్నా. నల్గొండ గడియారం సెంటర్ దగ్గర చిన్న సర్వీసు కౌంటర్ నాది, పదకొండేళ్లయింది. మొదట్లో ఒక లెక్చరర్ గారు ఇదే మాదిరి ల్యాప్‌టాప్ తెచ్చారు. స్లో అన్నారు కదా అని నేను విప్పి, దుమ్ము తీసి, పేస్టు పెట్టి ఇచ్చేశా. రెండు రోజులకు మళ్లీ తెచ్చారు. ఈసారి ఇంకా ఖరీదు పేస్టు తెప్పించి పెట్టా, విండోస్ కూడా కొత్తగా ఎక్కించా. మళ్లీ తెచ్చారు. మూడోసారి ఆయన నా ముందే చార్జర్ పీకి బ్యాగులో పెడుతుంటే స్క్రీన్ మీద స్పీడు గబుక్కున లేచింది. ఇద్దరం చూశాం. నేను చార్జర్ మళ్లీ గుచ్చా, పడింది. తీశా, లేచింది. ఆయన ఏమీ అనలేదు కానీ ఆ చూపు ఇప్పటికీ గుర్తుంది, తిట్లు తర్వాత ఫోన్లో వచ్చాయి.

సంగతేంటంటే, చాలా ల్యాప్‌టాప్‌ల చార్జర్ మొనలో, గుండ్రటి గొట్టం మధ్యలో సూదంత సన్నటి పిన్ను ఉంటుంది. కరెంటు వచ్చేది దాని గుండా కాదు. "నేను ఇన్ని వాట్ల చార్జర్ని" అని ల్యాప్‌టాప్‌కి చెప్పుకునే దారి అది. ఆ పిన్ను వంగినా, లోపల వైరు తెగినా, జాక్ వదులైనా బోర్డుకి ఆ మాట అందదు. అప్పుడది ముక్కూ మొహం తెలియని చార్జర్ కింద లెక్కేసి, ఎక్కువ లాగితే కాలిపోతుందేమోనని ప్రాసెసర్‌కి ఒక తీగ మీద సంకేతం పంపుతుంది. ఆ సంకేతం పేరు బీడీ ప్రోచాట్. నిజానికి అది "వేడెక్కింది, తగ్గు" అని చెప్పే తీగ. మామూలుగా ప్రాసెసరే దాని మీద మాట్లాడుతుంది, కానీ బోర్డు మీద వేరే భాగాలు కూడా అదే తీగ లాగొచ్చు. చార్జర్ చూసే చిప్పు లాగొచ్చు, ప్రాసెసర్‌కి కరెంటు ఇచ్చే వీఆర్‌ఎం వేడెక్కి లాగొచ్చు, పాడైన సెన్సర్ ఉత్తపుణ్యానికి లాగొచ్చు. ఎవరు లాగినా ప్రాసెసర్ అడుగు మెట్టుకి దిగిపోతుంది.

దీన్ని పట్టుకోవడం పది నిమిషాల పని. థ్రాటిల్‌స్టాప్ అని ఉచితంగా దొరికే చిన్న ప్రోగ్రాం ఉంది, ఇంటెల్ చిప్పులకే పనిచేస్తుంది, ఏఎండీ వాళ్లకి పనికిరాదు. దాన్ని తెరిచి "లిమిట్స్" అనే బటన్ నొక్కి పక్కన పెట్టుకో. 0.79 వచ్చినప్పుడు ఆ కిటికీలో ఏ గడి ఎర్రగా వెలుగుతుందో చూడు. ఎరుపు అంటే ఇప్పుడు అడ్డుపడుతున్నది, పసుపు అంటే ఇంతకుముందు అడ్డుపడి పోయింది. బీడీ ప్రోచాట్ ఎర్రగా ఉంటే నా అనుమానం నిజమే. అప్పుడు మెయిన్ కిటికీలో బీడీ ప్రోచాట్ ముందున్న టిక్కు తీసెయ్యి, స్పీడు వెంటనే 4 దాకా ఎగిరితే ఇక సందేహం లేదు.

ఇక్కడే ఒక మాట గట్టిగా చెప్పాలి. యూట్యూబ్‌లో చాలామంది ఈ టిక్కు తీయడమే వైద్యం అన్నట్టు చెప్తారు. అది పరీక్ష, వైద్యం కాదు. టిక్కు తీసినా ప్రాసెసర్ తన వేడి తాను చూసుకుంటుంది, 100 డిగ్రీల దగ్గర తానే తగ్గుతుంది, సరే. కానీ వీఆర్‌ఎం నిజంగానే కాలుతూ ఆ తీగ లాగుతుంటే దాని నోరు నువ్వు మూసేసినట్టు, అప్పుడు మాత్రం షాపాయన చెప్పిన బోర్డు ఖర్చు నిజమవుతుంది. చూసుకుని టిక్కు మళ్లీ పెట్టెయ్యి.

తర్వాత చార్జర్ పరీక్ష. 0.79లో ఉన్నప్పుడు చార్జర్ పీకెయ్యి. లేవకపోతే షట్‌డౌన్ చేసి బ్యాటరీ మీదే ఆన్ చెయ్యి. బ్యాటరీ మీద ఫుల్ స్పీడు చాలా గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో రాదు, 2, 3 మధ్య తిరిగినా చాలు, దోషం చార్జర్ వైపు ఉన్నట్టే. బ్యాటరీ చార్జ్ ఎక్కుతోందో లేదో కూడా గమనించు, ఆ పిన్ను మాట అందకపోతే చార్జర్ గుచ్చి ఉన్నా చార్జింగ్ ఎక్కకపోవడం సామాన్యం. కొన్ని కంపెనీల బయోస్‌లో, అంటే విండోస్ కన్నా ముందు తెరుచుకునే సెట్టింగుల తెరలో, అడాప్టర్ ఎన్ని వాట్లో రాసి ఉంటుంది, అక్కడ "తెలియదు" అన్న అర్థం వచ్చే మాట కనిపిస్తే ఇంకేం చూడక్కర్లేదు. అదే కంపెనీ చార్జర్ ఎవరిదైనా స్నేహితుడిది దొరికితే ఒక గంట పెట్టి చూడు, వాట్లు మాత్రం నీ దానంత ఉండాలి. మామూలు ల్యాప్‌టాప్ 65 వాట్ల చార్జర్ తెచ్చి గుచ్చి "ఇంకా స్లో" అంటే అది నీ తప్పే.

చార్జర్ మంచిదే అయి జాక్ వదులుగా ఉంటే, చాలా మోడళ్లలో జాక్ బోర్డుకి అతికించి ఉండదు, చిన్న వైరుతో వేరుగా వస్తుంది. బోర్డు ధర పక్కన దాని ధర ఒక లెక్కే కాదు. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో అడిగితే మోడల్ నంబర్ చెప్పగానే తీసిస్తారు. ఇంకొకటి, ల్యాప్‌టాప్ బల్ల మీద పెడితే టచ్‌ప్యాడ్ దగ్గర ఉబ్బినట్టు, ఒక మూల ఊగుతున్నట్టు అనిపిస్తే వెంటనే ఆపెయ్యి, అది బ్యాటరీ ఉబ్బడం. దాంతో స్పీడు గొడవలు కూడా వస్తాయి కానీ అప్పుడు స్పీడు గురించి ఆలోచించే టైం కాదు, బ్యాటరీ తీయించాలి.

ఇప్పుడు మొదటి సంగతి, పావుగంటకి 90 నుంచి 50.

దీంట్లో కూడా రెండు రకాలు. వేడి, వాట్లు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రాం వేసుకో, తెరిచేటప్పుడు "సెన్సర్స్ ఓన్లీ" టిక్కు పెట్టు. ఇరవై నిమిషాలు ఆడి మూడు అంకెలు చూడు. సీపీయూ ప్యాకేజీ వేడి, సీపీయూ ప్యాకేజీ పవర్ అంటే ఎన్ని వాట్లు తాగుతోందో, ఇంకా కోర్ల స్పీడు, కోర్లంటే ప్రాసెసర్ లోపల విడివిడిగా పనిచేసే భాగాలు. వేడి 95 దాటి 100 దగ్గర కొట్టుకుంటుంటే అది వేడి బ్రేకు. వేడి 78, 80 దగ్గరే ఉండి వాట్లు మాత్రం ఒకే అంకె దగ్గర, 35 అనుకో 45 అనుకో, గీత గీసినట్టు నిలబడితే అది వేడి కాదు, కంపెనీ పెట్టిన పవర్ పరిమితి, లిమిట్స్ కిటికీలో పీఎల్1 అని చూపిస్తుంది. ఆ చిప్పు డబ్బా మీద రాసింది 45 వాట్లు, 2.6 గిగాహెర్ట్జ్. 5 గిగాహెర్ట్జ్ అనేది ఒకటో రెండో కోర్లు కాసేపు పరుగెత్తితే వచ్చేది. మొదటి కొద్ది సెకన్లు 45ని దాటి బాగా తాగనిస్తారు, గడువు అయ్యాక గీతకి దించుతారు. కాబట్టి చల్లగా ఉండి 3.2 దగ్గర ఆడుతుంటే అది జబ్బు కాదు, దాని జీతం అంతే. ఫ్యాను మోడ్ "సైలెంట్"లో ఉందేమో మాత్రం చూసుకో, అది మర్చిపోయి నా దగ్గరికి వచ్చినవాళ్లు తక్కువేం కాదు.

నీ మాటల్ని బట్టి నీది వేడి బ్రేకే. రేకుల గది, ఏప్రిల్ నెల, నాకు ఇంకేం చెప్పక్కర్లేదు. దీనికి సులువైన లెక్క ఒకటుంది. హీట్‌సింక్ ఎంత వేడి బయటికి తోయగలదు అనేది చిప్పుకీ గదికీ మధ్య ఎన్ని డిగ్రీల తేడా ఉందో దాన్ని బట్టి ఉంటుంది. గది 25 డిగ్రీలు, చిప్పు 95 అంటే తేడా 70, అప్పుడు ఆ హీట్‌సింక్ 45 వాట్లు లాగుతోందనుకో. అదే గది 40 అయితే తేడా 55 మాత్రమే, అదే హీట్‌సింక్ అదే ఫ్యాను 35 వాట్లే లాగగలవు. ఏమీ పాడవకుండానే పది వాట్లు పోయాయి. పైగా గ్రాఫిక్స్ కార్డు తన 50 వాట్ల దాకా అవే రాగి గొట్టాల్లోకి పోస్తుంటుంది. ఏసీ గదిలో కూర్చుని రివ్యూ చేసేవాళ్ల అంకెలు చూసి మన పాలమూరు, నల్గొండ ఎండల్లో బాధపడటం ఎందుకు చెప్పు. రాత్రి పదకొండుకి కూడా ఆ రేకులు కింద గదిలోకి వేడి దించుతూనే ఉంటాయి.

అయినా నీ దగ్గర అనుమానించాల్సింది ఒకటుంది, ఆ పేస్టు మార్పించిన పని. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో ఆరు కోర్ల వేడీ విడివిడిగా కనిపిస్తుంది. అన్నింటి మీదా ఒకే బరువు పడుతున్నప్పుడు కోర్ల మధ్య ఐదారు డిగ్రీల తేడా మామూలే. ఒకటి 98, ఇంకోటి 82 ఉందంటే పైన రాగి పలక చిప్పు మీద సమంగా కూర్చోలేదు. ఎందుకలా అవుతుందంటే, పక్కన ఉన్న మెమరీ చిప్పుల మీద మెత్తటి ప్యాడ్లు ఉంటాయి, అవి అర మిల్లీమీటరు, ఒకటి, ఒకటిన్నర అని రకరకాల మందం. పాతవి చినిగితే కొన్ని షాపుల్లో చేతికి దొరికిన మందం కత్తిరించి పెట్టేస్తారు. ప్యాడ్ అర మిల్లీ ఎక్కువైతే పలక ఒక పక్క లేచి ఉంటుంది, మధ్యలో నువ్వు బంగారు పేస్టు పూసినా దండగే. స్క్రూల పక్కన 1, 2, 3, 4 అని అంకెలు చెక్కి ఉంటాయి, ఆ వరుసలోనే కొద్ది కొద్దిగా బిగించాలి. ఒకటి పూర్తిగా బిగించి ఇంకోదానికి పోతే కూడా ఇదే గతి.

పేస్టు విషయంలో నా అభిప్రాయం, ల్యాప్‌టాప్ చిప్పు పైన మూత లేకుండా నగ్నంగా ఉంటుంది, వేడెక్కి చల్లబడుతుంటే పల్చటి పేస్టు మెల్లగా పక్కలకి జారిపోతుంది. డెస్క్‌టాప్ వాళ్లు మెచ్చుకునే ఖరీదైన పల్చటి పేస్టులు ఇక్కడ కొన్ని నెలలకే నీరుగారిపోవడం చూశా. హనీవెల్ వాళ్ల పీటీఎం7950 అని ఒక షీటు వస్తుంది, మామూలుగా గట్టిగా ఉండి వేడెక్కితే మెత్తబడి అతుక్కుంటుంది, జారదు. అసలుది దొరికితే అది వేయించుకో. లిక్విడ్ మెటల్ జోలికి పోకు, దానిలో గాలియం ఉంటుంది, అల్యూమినియం తగిలితే తినేస్తుంది, చుక్క బోర్డు మీద పడితే షార్ట్.

దుమ్ము సంగతి. పేస్టు మార్చినాయన ఫ్యాను విప్పాడా అడుగు. చాలామంది ఫ్యాను రెక్కలు బ్రష్‌తో తుడిచి ఫొటో తీసి పంపుతారు, అసలు దుమ్ము అక్కడ ఉండదు. ఫ్యాను గాలి వదిలే చోట, సన్నటి రేకుల జాలీ ముందు పేరుకుంటుంది. మిర్యాలగూడలో రైస్ మిల్లు వెనకే ఇల్లున్న ఒక పిల్లాడు తెచ్చిన ల్యాప్‌టాప్‌లో ఫ్యాను తీసి చూస్తే ఆ సందులో బూడిద రంగు గుడ్డ ముక్క ఇరుక్కుందనుకున్నా. ట్వీజర్‌తో ఒక మూల పట్టి లాగితే మొత్తం ఒకే పట్టీగా వచ్చింది, వేలంత వెడల్పు, ఊక నూగు, వెంట్రుకలు, దుమ్ము కలిసి కంబళిలా నేసుకుపోయింది. పైనుంచి చూస్తే రెక్కలు తళతళలాడుతున్నాయి. ఆ పట్టీ తీసిందే వైద్యం, పేస్టు ముట్టుకోకుండానే పదిహేను డిగ్రీలు తగ్గింది.

నువ్వే చేసుకుంటానంటే ముందు బ్యాటరీ కనెక్టర్ పీకు, తర్వాతే మిగతావి. పంక్చర్ షాపు గాలి మాత్రం కొట్టకు. ఆ ట్యాంకులో నీళ్లు, నూనె ఉంటాయి, గాలితో పాటే వస్తాయి. ఒకసారి మా షాపు కుర్రాడే ఆశపడి కొట్టించుకొచ్చాడు, కీబోర్డు కింద నుంచి నూనె వాసన నెల రోజులు పోలేదు. ఏ గాలి కొట్టినా ఫ్యాను రెక్కని వేలితో ఆపి పట్టు, లేకపోతే అది గింగిరాలు తిరిగి బేరింగు పోతుంది.

కూలర్ గురించి అడిగావు. గదికి మంచిదే, కానీ ల్యాప్‌టాప్‌ని దాని ముఖానికి ఎదురుగా పెట్టకు. పంపు ఎక్కువైనప్పుడు తుంపర్లు వస్తాయి. మన బోరు నీళ్లు కూలర్ గడ్డి మీద తెల్లటి పొర ఎలా కడతాయో చూసే ఉంటావు, ఆ తుంపర ఎగిరి ఆరితే జాలీ మీదా అదే. పక్కకి జరిపి, వెనక వైపు కింద రెండు నీళ్ల సీసా మూతలు పెట్టి ఎత్తు. మంచం మీద, పరుపు మీద ఆడటం ఆపు, గాలి పీల్చుకునే రంధ్రాలు అడుగునే ఉన్నాయి.

ఇవన్నీ చేశాక కూడా మే నెలలో 95 కొడితే చిప్పుకి తిండి తగ్గించడమే. అండర్‌వోల్ట్, అంటే చిప్పుకి ఇచ్చే వోల్టేజీ కొంచెం తగ్గించడం అని అందరూ చెప్తారు, దొరికితే అంతకన్నా మంచిది లేదు. కానీ 2019 డిసెంబరులో ప్లండర్‌వోల్ట్ అనే భద్రతా లోపం బయటపడ్డాక చాలా కంపెనీలు బయోస్ అప్‌డేట్లలో ఆ తలుపు మూసేశాయి. థ్రాటిల్‌స్టాప్‌లో ఎఫ్ఐవీఆర్ అనే వోల్టేజీ కిటికీ తెరిస్తే "లాక్డ్" అని ఉంటే నీదీ మూసేసినట్టే. తెరిచి ఉంటే కోర్, క్యాష్ రెండింటికీ ఒకే అంకె, మైనస్ 50 మిల్లీవోల్టుల దగ్గర మొదలుపెట్టి పదేసి చొప్పున దిగు. బ్లూ స్క్రీన్ వచ్చిన చోటు నుంచి ఇరవై వెనక్కి రా.

మూసి ఉన్నా బాధలేదు. అదే చోట టర్బో రేషియోలు, అంటే చిప్పు ఎన్ని రెట్ల దాకా ఎగరొచ్చో చెప్పే అంకెలు ఉంటాయి, ఆరు కోర్లకీ 36 అని పెట్టు, అంటే 3.6 గిగాహెర్ట్జ్ దాటదు. చివరి ఐదారు వందల మెగాహెర్ట్జ్ కోసమే చిప్పు వోల్టేజీ బాగా పెంచుకుంటుంది, వోల్టేజీ పెరిగితే వాట్లు దాని వర్గం లెక్కన పెరుగుతాయి. కాబట్టి పైన కొంచెం కోస్తే వేడి చాలా దిగుతుంది. 4 దాకా ఎగిరి 2.6కి పడి మళ్లీ ఎగిరే దానికన్నా 3.6 దగ్గర కదలకుండా ఉంటే ఆట ఎంత సాఫీగా ఉంటుందో ఒకసారి చూస్తే నువ్వే వదలవు. ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో ఫ్రేములకి 70 దగ్గర గీత పెట్టు, రెండు చిప్పులూ ఊపిరి పీల్చుకుంటాయి. విండోస్ పవర్ సెట్టింగ్‌లో మ్యాగ్జిమం ప్రాసెసర్ స్టేట్ 99 పెట్టమని కూడా చెప్తుంటారు, దాంతో టర్బో పూర్తిగా ఆగి 2.6 దగ్గరే ఉండిపోతుంది, చదువుకునేటప్పుడు పర్లేదు, ఆటకి మరీ పిసినారితనం.

ఈ వేడి పనులన్నీ ఆదివారానికి పెట్టుకో. ఈ రాత్రికి చేయాల్సింది చార్జర్ మొన. సెల్లు టార్చి వెలుతురులో లోపలికి చూడు, మధ్య పిన్ను నిటారుగా ఉందా, ఒక పక్కకి వాలిందా, నల్లగా మాడిందా. ఫొటో తీసి, లిమిట్స్ కిటికీ స్క్రీన్‌షాట్‌తో పాటు పెట్టు. రేపు కౌంటర్ తెరిచాక చూస్తా.